రంగం మినుములు, మన కోటాలు

ఫిబ్రవరి వచ్చిందంటే తెనాలి, విజయవాడ పప్పుమిల్లుల వారి చూపు రెండు డెల్టాల మీద ఉంటుంది. ఒకటి ఇంటి ముందరి కృష్ణా డెల్టా. రెండోది బంగాళాఖాతానికి ఆవలనున్న బర్మా ఐరావతి డెల్టా. రెండు చోట్లా సార్వా వరి కోతకు వచ్చాక, అదే మాగాణిలో మిగిలిన పదునును నమ్ముకుని రైతు మినుము చల్లుతాడు. రెండు చోట్లా పంట దాదాపు ఒకే సమయంలో, ఫిబ్రవరి మార్చి మాసాలలో కళ్లాలకు చేరుతుంది. కనుక ఈ రెండు సరుకులు బజారుకు కూడా ఒకేసారి వస్తాయి. తెనాలి యార్డులో బస్తా విప్పేనాటికి రంగంలోని బేయిన్నౌంగ్ టోకు బజారులో కూడా బస్తాలు విప్పుతుంటారు. మన ధారణ ఏమిటో వారికి తెలియాలి, వారి ధారణ ఏమిటో మనకు తెలియాలి. ఈ రెండింటి మధ్య ఢిల్లీలో వెలువడే ఒక నోటిఫికేషన్ ఎప్పుడు అడ్డుపడుతుందో, ఎప్పుడు తొలగుతుందో మాత్రం ఇరువురికీ ముందుగా తెలియదు.

వర్ధమాన దేశాల మధ్య వర్తకం పెరగాలని సమావేశాలలో తరచు వినిపిస్తుంది. అటువంటి రెండు దేశాల నడుమ ఒకే సరుకు మీద ఆధారపడ్డ వర్తకం ఎలా నడుస్తుందో, ఎక్కడ తడబడుతుందో చూడడానికి భారత్‌-బర్మా అపరాల వర్తకం కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. మినుములు, కందుల వర్తకులకు ఈ చరిత్రలో కొంత స్వానుభవమే. అయినా 2017 తరువాతి పరిణామాలను వరుసగా పేర్చి చూస్తే, ఏ సమయంలో ఎవరు ఎంత నష్టపోయారన్నది ఇంకొంచెం స్పష్టపడుతుంది.

తెలుగువారికి బర్మా పరాయి దేశం కాదు. కోరంగి, కాకినాడ, విశాఖ తీరాల నుంచి ఓడలెక్కి రంగం రేవులోను, బియ్యం మిల్లులలోను పనికి పోయినవారి సంఖ్య చాలా పెద్దది. కోరంగి రేవు పేరు మీదనే అక్కడ తెలుగువారిని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు బర్మా ప్రపంచంలోకెల్ల పెద్ద బియ్యం ఎగుమతి దేశం. మద్రాసు రేవుకు ఆ బియ్యం వచ్చేది. 1942లో జపాను దాడితో ఒక విడత, 1962లో సైనిక పాలన వచ్చి 1964లో దుకాణాలను జాతీయం చేయడంతో మరొక విడత మనవారు తిరిగి వచ్చారు. విశాఖలో బర్మా క్యాంపు అన్న పేరు ఆనాటిదే.

ఆ జాతీయీకరణ కాలమంతా బర్మాలో వ్యవసాయ ఎగుమతులు ప్రభుత్వం గుప్పిట్లో ఉండేవి. 1988 తరువాత ఒక మార్పు వచ్చింది. బియ్యం ఎగుమతిని ప్రభుత్వం తన చేతిలోనే ఉంచుకుని, అపరాల ఎగుమతిని మాత్రం ప్రైవేటు వర్తకులకు వదిలింది. బియ్యం అమ్మితే సర్కారు ధర, మినుము అమ్మితే బజారు ధర. రైతు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పనక్కరలేదు. వరి కోసిన మాగాణులలో మినుము, పెసర, మధ్య బర్మా మెట్ట భూములలో కంది విస్తరించాయి. ఇరవై ఏళ్లు తిరిగేసరికి అపరాలు ఆ దేశపు ముఖ్య వ్యవసాయ ఎగుమతులలో ఒకటయ్యాయి. ఆ సరుకులో సింహభాగం వచ్చి చేరింది మన రేవులకే.

ఒకే అమ్మకందారు, ఒకే గిరాకీదారు

ఈ వర్తకం అసలు కీలకం ఇక్కడే ఉంది. బర్మా పెసలకు చైనా, ఇండొనేషియా, వియత్నాం, యూరపు దేశాలలో కూడా కొనేవారున్నారు. మినుములకు, కందులకు అలా కాదు. బర్మా ప్రజలు మినుమును మనలాగ తినరు. మొలకల కోసం జపాను కొంత కొనుగోలు చేస్తుంది, అంతే. ఇడ్లీ, దోసె, గారె, వడియం ఉన్న దేశం ఒక్కటే. బర్మా మినుముల మడి ఐరావతిలో ఉన్నా వాటి పొయ్యి మన వంటింట్లో ఉందన్నమాట. ఢిల్లీ తలుపు వేస్తే ఆ సరుకు పోవడానికి మరో బజారు లేదు.

మన వైపు చూసినా పరిస్థితి దాదాపు అంతే. కందులకు బర్మాతో పాటు మొజాంబిక్, టాంజానియా, మలావి వంటి తూర్పు ఆఫ్రికా దేశాలు ఉన్నాయి. మినుములకు చాలా కాలం బర్మా ఒక్కటే దిక్కు. దేశంలో పంట తగ్గిన ఏట ఎంత ధరైనా అక్కడే కొనాలి. పంట బాగా పండిన ఏట అక్కడి సరుకు ఒక్క ఓడ వచ్చినా ఇక్కడి రైతు గగ్గోలు పెడతాడు. రెండు పక్షాలలో ఎవరికీ మరో దారి లేని చోట ఒప్పందం గట్టిగా ఉండాలి. ఈ వర్తకంలో చాలా కాలం ఏ ఒప్పందమూ లేకపోవడమే విశేషం.

మన మిల్లుల వారికి బర్మా సరుకులో రెండు రకాలు పరిచయమే. ఎస్.క్యూ. అంటే గింజ లావు, ఏరివేత బాగున్న ప్రత్యేక రకం. ఎఫ్.ఎ.క్యూ. అంటే మామూలు సగటు రకం. మినపగుళ్లు తీసే దక్షిణాది మిల్లులు ఎక్కువగా ఎస్.క్యూ. వైపు చూస్తాయి గనుక ఆ రకానికి చెన్నై ధారణను, ఎఫ్.ఎ.క్యూ.కు ముంబయి ధారణను ప్రమాణంగా తీసుకోవడం ఆనవాయితీ. గుంటూరు లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఎల్.బి.జి. వరుస రకాల పాలిష్ మినుముకు మన యార్డులలో సాదా రకం కన్నా ఎక్కువ పలుకుతుంది. అయినా చెన్నైలో ఎస్.క్యూ. దిగితే ఇక్కడి పాలిష్ రకం కూడా నీరసిస్తుంది. మిల్లు యజమాని రెండింటినీ కలిపి ఆడించే మనిషే.

సుంకం కాదు, హద్దు

2015-16లో వరసగా వానలు దెబ్బతీయడంతో దేశంలో అపరాల దిగుబడి సుమారు 163 లక్షల టన్నులకు పడిపోయింది. కందిపప్పు కిలో ధర చాలా ఊళ్లలో రెండు వందల రూపాయలను తాకిన సంవత్సరమది. రైతులు ఆ ధర చూసి మరుసటి ఏడు విరివిగా విత్తారు. వాన కూడా కలిసివచ్చింది. 2016-17 దిగుబడి ఒక్కసారిగా 231 లక్షల టన్నులకు ఎగబాకింది. కందులొక్కటే సుమారు 25 లక్షల టన్నుల నుంచి 48 లక్షల టన్నులకు పెరిగాయి. వింత ఏమంటే అదే ఏడాది దిగుమతి కూడా 66 లక్షల టన్నుల దాకా జరిగింది. ధర ఎక్కువగా ఉన్నప్పుడు కుదిరిన బేరాల సరుకు ధర పడిపోయాక ఓడ దిగింది. యార్డుల్లో కనీస మద్దతు ధర కూడా రాని పరిస్థితి ఏర్పడింది.

ప్రభుత్వం మొదట పట్టుకున్న ఆయుధం సుంకం. 2017 మార్చి ఆఖరులో కందుల మీద 10 శాతం దిగుమతి సుంకం విధించారు. బర్మా సరుకు మీద దాని ప్రభావం దాదాపు శూన్యం. అతి తక్కువ అభివృద్ధి చెందిన దేశాలకు సుంకం మినహాయింపు ఇచ్చే పథకాన్ని భారత్ 2008 లోనే అమలులో పెట్టింది. బర్మా, మొజాంబిక్, మలావి మూడూ ఆ జాబితాలోని దేశాలే. కందులు వచ్చేది ముఖ్యంగా ఆ దేశాల నుంచే. అంటే ఎవరి సరుకును ఆపాలని సుంకం వేశారో వారికి ఆ సుంకం వర్తించదు. ఈ సంగతి రేవులో పనిచేసే క్లియరింగ్ ఏజెంటు గుమాస్తాకు కూడా తెలిసిన విషయమే.

అందువల్ల రెండో ఆయుధం బయటికి వచ్చింది. 2017 ఆగస్టు 5న కందులను ‘పరిమిత’ జాబితాలోకి మార్చి ఆర్థిక సంవత్సరానికి 2 లక్షల టన్నుల హద్దు పెట్టారు. ఆగస్టు 21న మినుములు, పెసలు రెండింటికీ కలిపి 3 లక్షల టన్నుల హద్దు పెట్టారు. మొజాంబిక్‌తో 2016లోనే ప్రభుత్వ స్థాయి ఒడంబడిక కుదిరి ఉన్నందున ఆ దేశపు కందులకు ఈ హద్దు తగలలేదు. బర్మాతో అటువంటి కాగితమేదీ లేదు. ఒకే నోటిఫికేషన్ కింద ఆఫ్రికా కంది నడిచింది, ఇరుగుపొరుగు కంది ఆగింది. ఒడంబడిక ఉండడానికి, లేకపోవడానికి మధ్య తేడా ఎంతో ఆనాడు బర్మా వర్తకులకు తెలిసివచ్చింది.

నష్టం ఎవరికి తగిలిందో చూడాలి. ఆగస్టు నాటికి బర్మా పంట నూర్చి ఐదు నెలలు దాటింది. కొంత సరుకు రైతు ఇంట, ఎక్కువ భాగం నిల్వదారుల గోడౌన్లలో ఉంది. ఆ గోడౌన్ల మీద అప్పులున్నాయి. నోటిఫికేషన్ నాటికే కుదిరిన బేరాలకు విదేశీ వాణిజ్య విధానంలో ఒక వెసులుబాటు ఉన్న మాట నిజమే. హద్దు విధించిన తేదీకి ముందే రద్దు చేయరాని లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరచి, దానిని నిర్ణీత గడువులోగా నమోదు చేయించుకున్న సరుకును రానిస్తారు. బర్మా వర్తకంలో బేరాలు ఎక్కువగా నడిచేది మాట మీద, పత్రాలు చూపి డబ్బు తీసుకునే పద్ధతి మీద. చాలా ఇన్‌వాయిస్‌లు సింగపూరు మీదుగా తిరుగుతాయి. లెటర్ ఆఫ్ క్రెడిట్ తెరవడం ఖర్చు దండగ అనుకున్న వారంతా ఆ వెసులుబాటు బయట మిగిలిపోయారు. మాట మీద వ్యాపారం నడపడం పరువైన పనే. కస్టమ్స్ కౌంటరు దగ్గర మాత్రం మాటకు కాగితం విలువ లేదు.

బర్మాలో మినుము ధర కుప్పకూలింది. మరుసటి సీజనులో విత్తాలా వద్దా అని అక్కడి రైతు తటపటాయించాడు. అప్పుడయినా మన రైతుకు ఊరట కలిగిందా అంటే వెంటనే కలగలేదు. 2017-18లో దేశంలో మినుము పంట సుమారు 35 లక్షల టన్నుల రికార్డు స్థాయికి చేరింది. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాలుకు 5,400 రూపాయలైతే చాలా యార్డులలో ధర దానికి బాగా దిగువన నడిచింది. ఓడలు ఆగినా ధర లేవలేదంటే, బరువు ఓడలలో కాక మన గోడౌన్లలోనే ఉందన్నమాట.

లైసెన్సు, స్టే, జప్తు

హద్దు పెట్టిన తరువాత ఆ హద్దును ఎవరికి పంచాలన్న ప్రశ్న వచ్చింది. 2018-19 నుంచి విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం దరఖాస్తులు పిలిచి, సొంత మిల్లు ఉన్నవారికే కోటా ఇచ్చే పద్ధతి పెట్టింది. అనుభవమున్న దిగుమతిదారుకు మిల్లు లేకపోతే కోటా లేదు. మిల్లున్నవాడికి దిగుమతి అనుభవం లేకపోయినా కోటా ఉంది. దరఖాస్తులు వేలల్లో పడేసరికి ఒక్కొక్కరి వాటాకు వచ్చింది కొద్ది టన్నులే. ఓడ బేరానికి సరిపోని వాటాలతో మిల్లుల వారు చేసేదేముంటుంది? చేతులు కలిపి తెప్పించుకోవడం, లేదా తమ పేరున మరొకరు తెప్పించుకోనీయడం. లైసెన్సు బదిలీ చేయరాదన్న నిబంధన కాగితం మీద ఉంది. లైసెన్సుల కాలం చూసిన పాతతరం వర్తకులకు ఇదంతా కొత్తగా తోచి ఉండదు.

మరికొందరు కోర్టు దారి పట్టారు. హద్దు విధించే అధికారం చట్టంలో లేదని హైకోర్టులలో వ్యాజ్యాలు వేసి, మధ్యంతర ఉత్తర్వులు పొంది, ఆ ఉత్తర్వుల అండతో కోటాకు మించి సరుకు దింపారు. ఇందులో ఎక్కువ భాగం పసుపు బఠాణీ. మినుములు, కందులు, పెసల నోటిఫికేషన్లు కూడా అదే వివాదంలో ఉన్నాయి. 2020 ఆగస్టులో సుప్రీం కోర్టు ఆ నోటిఫికేషన్లు చెల్లుతాయని తీర్పు చెప్పింది. 2021 జూన్ 17న వెలువడిన మరొక తీర్పు ఇంకా గట్టిది. మధ్యంతర ఉత్తర్వుల ఆధారంగా కోటాకు మించి దింపిన బఠాణీ నిషిద్ధ సరుకేనని, జరిమానా కట్టించుకుని విడుదల చేయడం కాక పూర్తిగా జప్తు చేయవలసిందేనని కోర్టు నిర్ణయించింది. స్టే ఉత్తర్వు చేతిలో ఉంటే చాలుననుకున్న వారికి అది పెద్ద దెబ్బ. అటువంటి సరుకు మీద బయానా ఇచ్చిన కొనుగోలుదార్లు, బ్రోకర్లు కూడా ఆ చిక్కులలో పడ్డారు. రేవు సరుకు కొనేటప్పుడు బిల్ ఆఫ్ ఎంట్రీతో పాటు ఏ ఉత్తర్వు మీద అది దిగిందో అడిగే అలవాటు కొందరు వర్తకులకు ఆ తరువాతనే వచ్చింది.

ఈలోగా చక్రం మళ్లీ తిరిగింది. 2019లో కోత సమయపు వానలకు మధ్యప్రదేశ్ తదితర ప్రాంతాలలో మినుము దెబ్బతిని, దేశపు దిగుబడి సుమారు 21 లక్షల టన్నులకు జారింది. రెండేళ్ల కిందటితో పోలిస్తే ఇది 14 లక్షల టన్నుల తగ్గుదల. 2019-20కి మొదట లక్షన్నర టన్నులుగా ప్రకటించిన మినుముల కోటాను డిసెంబరు వచ్చేసరికి 4 లక్షల టన్నులకు పెంచవలసి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించదగ్గది. డిసెంబరులో కోటా పెంచే నాటికి బర్మాలో ఆ సీజను విత్తనం అప్పటికే పడిపోయింది. కోటా లేదని తక్కువ విత్తిన రైతు దగ్గర ఢిల్లీకి అవసరమైన సరుకు లేదు. ఉన్న పాత నిల్వ కొద్దిమంది నిల్వదారుల చేతిలో ఉంది. కోటా పెంచినట్లు వార్త వెలువడగానే రంగంలో ధర లేచింది. ఆ పెరుగుదల లాభం బర్మా రైతుకు పోలేదు, మన వినియోగదారుకు రాలేదు.

2021 ఒడంబడిక

2021 మే 15న కేంద్రం కందులు, మినుములు, పెసలను తిరిగి ‘స్వేచ్ఛా’ జాబితాలోకి మార్చింది. మొదట అక్టోబరు 31 దాకా అన్నారు. పెసలను 2022 ఫిబ్రవరిలో మళ్లీ పరిమిత జాబితాలోకి తోశారు గాని, కందులు, మినుములకు గడువు విడతలు విడతలుగా పెంచుకుంటూ 2026 మార్చి 31 దాకా తీసుకువచ్చారు.

అదే 2021 జూన్‌లో బర్మాతో మొదటిసారి రాతపూర్వకమైన ఒడంబడిక కుదిరింది. 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు ప్రైవేటు వర్తకం ద్వారానే రావచ్చునన్నది దాని సారాంశం. అదే వరుసలో మలావి నుంచి ఏటా 50 వేల టన్నుల కందులకు ఒప్పుకున్నారు. మొజాంబిక్‌కు ఏటా 2 లక్షల టన్నుల కందుల ఏర్పాటును మరో ఐదేళ్లు పొడిగించారు. బర్మా సరుకు ముంబయి, ట్యుటికోరిన్, చెన్నై, కలకత్తా, హజీరా అనే ఐదు రేవుల ద్వారా, పుట్టుక ధ్రువపత్రంతో రావాలని షరతు. కోరంగి నుంచి రంగానికి ఓడలు నడిచిన తీరంలో ఒక్క రేవు కూడా ఈ జాబితాలో లేదు. విశాఖ గాని, కాకినాడ గాని, కృష్ణపట్నం గాని లేవు. తెనాలి మిల్లుకు సరుకు చెన్నై నుంచి లారీలలో రావలసిందే. ఆ కిరాయి గుళ్ల ధరలో చేరవలసిందే.

దిగుమతి స్వేచ్ఛగా ఉన్నంతకాలం ఈ ఒడంబడిక అవసరమే రాదు. ఆ సంవత్సరాలలో ఏటా ఐదారు లక్షల టన్నుల మినుములు దిగుమతి అయ్యాయి. ఒడంబడిక అంకెకు అది రెట్టింపు. కాని దాని విలువ వేరే చోట ఉంది. ఢిల్లీ మళ్లీ తలుపు వేసినా రెండున్నర లక్షల టన్నులకు సందు తెరిచి ఉంటుందని బర్మా రైతు నవంబరులో విత్తనం చల్లేముందే తెలుసుకోగలిగాడు. 2017లో అతనికి లేని భరోసా ఇదే. గడువును మార్చి నెలలో మార్చి నెలకు పెంచుకుంటూ పోయే పద్ధతి కన్నా, పూర్తి స్వేచ్ఛ కాకపోయినా ఐదేళ్ల హామీయే రెండు వైపుల వర్తకులకూ మేలు.

ఇక్కడి వర్తకుని చేతులు మాత్రం పూర్తిగా విడిపోలేదు. 2023 జూన్ 2న కందులు, మినుముల నిల్వలపై హద్దులు విధించారు: టోకు వర్తకునికి ఒక్కో రకం 200 టన్నులు, చిల్లర వర్తకునికి 5 టన్నులు, దిగుమతిదారు కస్టమ్స్ విడుదల నాటి నుంచి 30 రోజులకు మించి సరుకు ఉంచరాదు. సెప్టెంబరులో టోకు హద్దును 50 టన్నులకు కుదించారు. నవంబరులో తిరిగి 200 చేసి, దిగుమతిదారు గడువును 60 రోజులు చేశారు. ఐదు నెలల్లో మూడు లెక్కలు. ఈ హద్దుల ఫలితం ఒకటి అనుకోకుండా బర్మాకు లాభించింది. ఇక్కడ నిల్వ ఉంచరాదంటే సరుకు అక్కడే నిల్వ ఉంటుంది. రంగం గోడౌన్లలో ఉన్న బస్తాను ఏ జిల్లా పౌరసరఫరాల అధికారీ తనిఖీ చేయలేడు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రంగంలోని మన రాయబార కార్యాలయంతో మాట్లాడినప్పుడు అక్కడ దిగుమతిదారులు ఉంచిన నిల్వలు కూడా చర్చలోకి రావడానికి కారణం ఇదే.

డాలరు, క్యాట్, రూపాయి

ఇక డబ్బు సంగతి. 2021 ఫిబ్రవరి 1న బర్మాలో సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక అక్కడి బ్యాంకులు స్తంభించాయి. అంతకు ముందు డాలరుకు సుమారు 1,330 క్యాట్లు ఉండేవి. 2022 ఏప్రిల్‌లో విదేశీ మారకమంతా క్యాట్లలోకి మార్చి తీరాలని అక్కడి కేంద్ర బ్యాంకు ఆదేశించింది. ఆగస్టులో సర్కారు రేటును 2,100 క్యాట్లుగా ఖరారు చేసి, ఎగుమతిదారు తన రాబడిలో 65 శాతం ఆ రేటుకే మార్చాలని సడలింపు ఇచ్చింది. బయటి బజారులో డాలరు అంతకు చాలా పైన ఉంది.

దీని భారం ఎంతో ఒక ఊహా లెక్కతో చూడవచ్చు. బయటి రేటు 3,000 క్యాట్లు అనుకుందాం. ఎగుమతిదారు సంపాదించిన ఒక్కో డాలరులో 65 శాతానికి సర్కారు రేటున 1,365 క్యాట్లు, మిగతా 35 శాతానికి బయటి రేటున 1,050 క్యాట్లు, మొత్తం 2,415 క్యాట్లు చేతికి వస్తాయి. డాలరుకు 585 క్యాట్లు, అంటే దాదాపు ఐదో వంతు పోయింది. పేరుకు ఎగుమతి పన్ను లేదు. జరిగింది మాత్రం అదే. ఆ భారాన్ని ఎగుమతిదారు కొంత రైతు మీదికి నెట్టాడు, కొంత డాలరు ధరలో కలిపాడు. తరువాత ఈ నిబంధనలను విడతల వారీగా సడలించారు. మారకం రేటు సవరించినప్పుడల్లా రంగం బజారులో క్యాట్ల ధర ఎగిరింది. వెంటనే చెన్నై బేరాలు కంపించాయి.

మన వైపు లెక్క సులువే గాని నిర్లక్ష్యం చేస్తే దెబ్బ పెద్దది. ఉదాహరణకు చెన్నై చేర్చి టన్ను 900 డాలర్లకు బేరం కుదిరిందనీ, డాలరు 84 రూపాయలనీ అనుకుంటే, టన్ను 75,600 రూపాయలు, క్వింటాలు 7,560 రూపాయలు పడుతుంది. రేవు ఖర్చులు, వడ్డీ, బ్రోకరు కమీషను దీనికి అదనం. 2025-26 సీజనుకు మినుముల మద్దతు ధర 7,800 రూపాయలు. అంటే ఈ ధర వద్ద దిగిన బర్మా సరుకు ఖర్చులన్నీ కలుపుకుని మద్దతు ధరకు అటూ ఇటూగా నిలుస్తుంది. డాలరు ధర కాస్త జారితే మన యార్డు ధర దానికి దిగువకు లాగబడుతుంది. డాలరు ఒక్క రూపాయి కదిలితే క్వింటాలుకు 90 రూపాయల తేడా. 24 టన్నుల కంటెయినరు మీద 21,600 రూపాయలు. బేరం కుదిరిన నాటికి, సరుకు దిగిన నాటికి మధ్య ఇంత కదలిక వింత కాదు.

ఈ నష్టభయాన్ని కాచుకోవడానికి వాయిదా బజారు కూడా లేదు. కందులు, మినుముల ఫ్యూచర్స్ వ్యాపారాన్ని 2007 జనవరిలోనే ఆపివేశారు. డాలరుకు ముందస్తు రక్షణ కొనవచ్చు, మినుముకు కొనలేరు. అందుకే ఓడ దారిలో ఉండగానే సరుకు రెండు మూడు చేతులు మారడం, చెన్నై పునర్విక్రయ ధరే వాయిదా ధరలాగ పనిచేయడం మామూలైంది.

డాలరు చిక్కును తప్పించడానికి రూపాయి-క్యాట్ ఏర్పాటు వచ్చింది. విదేశీ బ్యాంకులు మన బ్యాంకులలో రూపాయి ఖాతాలు తెరిచి వర్తకపు చెల్లింపులు జరుపుకునే విధానాన్ని రిజర్వు బ్యాంకు 2022 జూలై 11న ప్రకటించింది. ఆ విధానం కిందనే పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా బర్మా చెల్లింపులు 2024 జనవరి 25 నుంచి అమలులోకి వచ్చాయి. సముద్ర వర్తకానికీ, సరిహద్దు వర్తకానికీ ఇది వర్తిస్తుంది. అపరాల దిగుమతిదారులు ఈ దారినే వాడాలని కేంద్రం కోరింది.

కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. మన దిగుమతిదారు రూపాయలు కడతాడు, డాలరు రేటు బెడద అతనికి పోతుంది. అయితే బర్మా ఖాతాలో పేరుకున్న రూపాయలతో వారు ఏం కొంటారన్నది అసలు ప్రశ్న. మందులు, పెట్రోలియం సరుకులు, యంత్రాలు మన నుంచి వారు కొంటున్నారు. ఆ కొనుగోలుదారుకు రూపాయి కావాలి, మినుములు అమ్మినవాడి దగ్గర రూపాయి ఉంది. ఇద్దరినీ కలిపేది బ్యాంకు. వారి మధ్య మారకం రేటు ఎవరు నిర్ణయిస్తారన్న దాని మీదనే ఎగుమతిదారు ఇష్టాయిష్టాలు ఆధారపడి ఉంటాయి. 65 శాతం లెక్క చూసినవాడు సర్కారు రేటును అంత తేలికగా నమ్మడు. 1994 సరిహద్దు ఒప్పందం కింద మోరే-తమూ దారిలో 1995 నుంచి నడిచిన వస్తుమార్పిడి పద్ధతి కూడా రెండు పక్కలా సరుకు సమానంగా లేక కుంటుతూ వచ్చి, 2015 డిసెంబరు 1తో ముగిసిపోయింది.

బ్రెజిల్ మినుము

ఒకే అమ్మకందారు మీద ఆధారపడే పరిస్థితి కొద్దిగా సడలుతున్న సూచన ఒకటి ఉంది. 2023 క్యాలెండరు సంవత్సరంలో బ్రెజిల్ నుంచి సుమారు 4,100 టన్నుల మినుములు వస్తే, 2024లో అక్టోబరు ఆఖరుకే అవి 22 వేల టన్నులు దాటాయి. బర్మా లక్షల టన్నుల ముందు ఇది చిన్న అంకె. ప్రయాణ దూరం చూసినా పోలిక లేదు. రంగం నుంచి చెన్నైకి వెయ్యి నాటికల్ మైళ్ల చిల్లర; బ్రెజిల్ ఓడ రెండు మహాసముద్రాలు దాటి రావాలి. అయినా రెండు లాభాలున్నాయి. అక్కడి పెద్ద కమతాలలో యంత్రాలతో సాగుచేసే రైతు ముందే ధర కుదుర్చుకుని విత్తగలడు. పంట వచ్చే కాలం కూడా వేరు. బర్మా కొత్త పంట అయిపోయి ధర బిగిసే సమయంలో ఆ సరుకు దిగగలదు. బర్మా నిల్వదారు మనసులో ఈ లెక్క ఇప్పటికే పడి ఉంటుంది.

కృష్ణా డెల్టా రైతుకు మాత్రం బ్రెజిల్ అయినా బర్మా అయినా ఒకటే. అతని మినుము డిసెంబరు మంచుకు, పల్లాకు తెగులుకు తట్టుకుని ఫిబ్రవరిలో కళ్లం చేరుతుంది. కోసిన రెండు మూడు వారాలలోనే చాలామంది అమ్ముకుంటారు. అదే సమయంలో రంగంలో కొత్త పంట ఓడ ఎక్కుతుంది. దిగుమతి గడువు పొడిగింపు నోటిఫికేషన్ సైతం సాధారణంగా మార్చి ముగిసేలోగానే వెలువడుతుంది. ఆ నోటిఫికేషన్ నవంబరులో, విత్తనానికి ముందే వస్తే డెల్టా రైతు మినుము చల్లాలో, జొన్నకో మొక్కజొన్నకో పోవాలో తేల్చుకునేవాడు; ఐరావతి రైతు కూడా అదే తేల్చుకునేవాడు.